మడి సైకిలు

2022 ఎండాకాలంలో మొదలైన సంగతి ఇది. తిరువూరు బస్టాండు దాటాక మెయిన్ రోడ్డు మీద నాకు సైకిలు షాపు ఉంది. ఒకప్పుడు ఈ రోడ్డులో సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు చాలామందే ఉండేవారు. ఒక్కొక్కరే మోటారు సైకిళ్ళకు మళ్ళారు. నేను మళ్ళలేదు. పట్టుదల అనుకోండి, బద్ధకం అనుకోండి, రెండూ నిజమే.

సైకిలు షాపులో చెప్పుకోదగ్గ సంగతులేముంటాయని కొందరు నవ్వుతారు. పంక్చర్లు, తెగిన చైన్లు, వంగిన రిమ్ములు. నిజమే, రోజూ ఉండేవి అవే. కానీ ఈ మధ్య నడుం నొప్పి, మెడ నొప్పి అంటూ హ్యాండిల్ ఎత్తు పెంచమని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అలా అడిగిన ప్రతిసారీ నాకు సీతారామాచార్యులుగారు గుర్తొస్తారు. అందుకని ఆయన సంగతే చెబుతాను. సంతోషంగా చెప్పుకునేది మాత్రం కాదు.

ఆచార్యులుగారిది తిరువూరే. అప్పటికి అరవై దాటాయి. ఊరి బయట మామిడి తోటల మధ్య నుంచి వెళ్తే వచ్చే ఒక చిన్న పల్లెలో రామాలయానికి ఆయన అర్చకులు. ఆ గుడి వంటగది పైకప్పు ఎప్పుడో కూలింది. పల్లె పెద్దమనుషులు బాగుచేయిస్తామని అంటూనే ఉన్నారు. అందుకని ఆయన పొద్దున్నే స్నానం చేసి, తడిబట్టతో ఇంట్లోనే వండి, ఇత్తడి గిన్నెకు గుడ్డ కట్టి, సైకిలు హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్ళి స్వామికి నైవేద్యం పెట్టేవారు. ఆ దారి పొడుగునా ఆయన మడిలో ఉంటారు. మడిలో ఉన్న మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ వంట దేవుడికి పనికిరాదు. మళ్ళీ స్నానం, మళ్ళీ పొయ్యి. ఆటో ఎక్కితే పక్కవాళ్ళు తగులుతారు. ఇంకొకరి బండి వెనక కూర్చోకూడదు. పిల్లల్లేరు, సాయం వచ్చేవాళ్ళు లేరు. కాబట్టి ఆయనకు సైకిలే గతి.

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, మడి లేని వేళ చూసుకుని, షాపుకొచ్చారు.

"ఏమోయ్ కోటేశ్వర్రావూ, ఈ హ్యాండిల్ కాస్త పైకి లేపు. మెడ పట్టేస్తోంది."

"మెడ పట్టేస్తే కాపడం పెట్టించుకోండి స్వామీ. పాపం, హ్యాండిలేం చేసింది?"

"నీ వేళాకోళం తర్వాత. ముందు లేపు."

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి. సైకిలు మీద మనిషి బరువు సీటు మీద, పెడళ్ళ మీద, హ్యాండిల్ మీద పడుతుంది. హ్యాండిల్ కిందికి ఉంటే మనిషి ముందుకు వంగుతాడు, బరువంతా అరచేతులకొస్తుంది. వంగినవాడు రోడ్డు చూడాలంటే తల వెనక్కి ఎత్తాలి. దారంతా అలా ఎత్తిపెట్టి ఉంటే ఎవరి మెడైనా పట్టేస్తుంది. హ్యాండిల్ పెంచితే మనిషి నిటారుగా కూర్చుంటాడు, మెడకు సుఖం. ఆయనదేమో పాతకాలపు నల్ల సైకిలు. దాంట్లో హ్యాండిల్ నుంచి ఒక గొట్టం కిందికి దిగి ఫోర్కు గొట్టంలో కూర్చుంటుంది. దాన్ని స్టెమ్ అంటాం. లోపల పొడుగు బోల్టు, దాని కొసన ఒక కోను. బోల్టు బిగిస్తే కోను పైకొచ్చి స్టెమ్‌ను లోపల్నుంచి ఒరుసుకుని పట్టేస్తుంది. ఎత్తు పెంచాలంటే బోల్టు వదులు చేసి, పైన చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటిస్తే కోను దిగుతుంది. అప్పుడు ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగాలి. పెంచాక బ్రేకు ఊచలు కూడా సరిచేయాలి, లేకపోతే బ్రేకు అందదు.

అదంతా చేసి ఇచ్చాను. మర్నాడు గుడి నుంచి తిరిగొస్తూ షాపు ముందు ఆగారు. మొహం వెలిగిపోతోంది.

"సింహాసనం మీద కూర్చున్నట్టుందోయ్!" అన్నారు.

నాకూ సంతోషమేసింది. మా పనిలో ఇలా నోరారా మెచ్చుకునేవాళ్ళు తక్కువ.

వర్షాలు వెనకబట్టాక మళ్ళీ వచ్చారు. ఇంకాస్త పెంచమన్నారు. బోల్టు వదులు చేసి కొట్టాను, కోను దిగలేదు. ఇంకా గట్టిగా కొట్టాను, ఊహూఁ. కిరోసిన్ పోసి సైకిలును షాపులోనే ఉంచుకుని మర్నాడు మధ్యాహ్నానికల్లా ఎలాగో కదిలించాను. ఆ ఒక్క పొద్దూ ఆయన నా షాపు సైకిలు పట్టుకెళ్ళారు. స్టెమ్ బయటికి లాగేసరికి ఎర్రగా తుప్పునీళ్ళు కారాయి. ఒక్క వానాకాలానికి అంత తుప్పు పట్టదు.

"సైకిలుకు తలంటు పోస్తున్నారా ఏంటి స్వామీ?" అన్నాను.

"మరి? పగలు నీలాంటివాళ్ళు ముట్టుకుంటారు, రాత్రి వీధికుక్క వచ్చి ఆనుకుని పడుకుంటుంది. దాని మీద మడితో ఎలా ఎక్కమంటావు? రోజూ బిందెడు నీళ్ళు పోసే ఎక్కుతాను."

"నన్నూ కుక్కనూ ఒకే గాటన కట్టారు. సంతోషం."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను కానీ లోపల కోపమే. గొట్టాల మధ్యకు నీళ్ళు దిగకుండా గ్రీజు దట్టిస్తానంటే ఒప్పుకోలేదు. గ్రీజులో జంతువుల కొవ్వు కలుపుతారని ఎవరో చెప్పారట, ఆముదం రాయమన్నారు. ఇది ముడిచమురుతో తయారయ్యే గ్రీజు స్వామీ, దీంట్లో కొవ్వు లేదని ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన తెచ్చిన ఆముదమే రాసి, హ్యాండిల్ ఇంకాస్త పెంచి బిగించాను.

ఎక్కి చూసుకుని, "ఈ బ్రేకు మరీ బిర్రుగా ఉంది, వదులు చెయ్యి," అన్నారు.

నేను ఒక్క వేలితో నొక్కితే దిగింది. ఆయన్ను నొక్కమన్నాను. నాలుగు వేళ్ళూ వేసి పళ్ళ బిగువున నొక్కినా సగానికి మించి దిగలేదు. అప్పుడు ఆయన అరచెయ్యి చూశాను. మధ్యలో పెద్ద బొబ్బ.

"ఏంటిది?"

"గిన్నె వేడికి కాలినట్టుంది. ఎప్పుడు కాలిందో తెలియలేదు. వేళ్ళకు తిమ్మిర్లులే. వయసు."

చెయ్యి కాలితే తెలియకపోవడం వయసు కాదని నాకు తెలుసు. మా బాబాయికి షుగరొచ్చి కాళ్ళు అలాగే మొద్దుబారాయి. విజయవాడ వెళ్ళి నరాల డాక్టరుకు చూపించుకోమన్నాను.

"వెళ్తే ఒక్క పూటలో వదులుతారా? పరీక్షలంటారు, ఉండమంటారు. నేను మానితే వేరేవాళ్ళను చూసుకుంటామని పెద్దమనుషులు అంటూనే ఉన్నారు. ఆ వచ్చేవాడు ఒక అరటిపండు పెట్టి, గంట వాయించి, తలుపేసుకుని పోతాడు. మా తాతగారి నాటి నుంచీ ఆ స్వామికి వేడన్నం తప్పలేదు కోటేశ్వర్రావూ. నా చేతుల్లో తప్పనా?"

సైకిలు ఆయన చేతికిచ్చాను.

కొన్నాళ్ళకు ఆయన భార్య వైదేహమ్మగారు వచ్చారు. ఆవిడ మా షాపు మెట్టెక్కడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"కాఫీ గ్లాసు జారవిడుస్తున్నారు నాయనా. పంచె కుచ్చిళ్ళు నన్ను పెట్టమంటున్నారు. నడుస్తుంటే కాళ్ళు తడబడుతున్నాయి. సైకిలెక్కితే హాయిగానే ఉంది కదే, నాకేం రోగం అంటారు. దాన్ని చూసుకునే ఆ ధైర్యం. ఈసారి పెంచమని వస్తే పెంచకు. మెడ నొప్పి భరించలేకనన్నా డాక్టరు దగ్గరికి వస్తారు."

ఏ షాపువాడికైనా వచ్చిన పని చేయకుండా పంపమంటే ప్రాణం ఒప్పదు. పైగా ఒక మనిషిని నొప్పి పెట్టి దారికి తేవడం ఏం న్యాయం? ఇంటికెళ్ళాక కూడా ఆ మాటే తిరిగింది తలలో. కానీ కాలిన చెయ్యి చూసినవాణ్ణి. సరేనన్నాను.

చలి తగ్గుతున్న రోజుల్లో ఆయన మూడోసారి వచ్చారు. సైకిలెక్కి కాదు, దాన్ని ఊతకర్రలా పట్టుకుని, పాదాలు నేల మీద టపటపా వేస్తూ నడిచొచ్చారు. ఎక్కడానికి అరుగు కావాలట, ఎక్కితే చాలు, తర్వాత ఇబ్బంది లేదట.

"ఇంకాస్త పైకి," అన్నారు.

"అయిపోయింది స్వామీ. ప్రతి స్టెమ్‌కూ ఒక హద్దుంటుంది. ఇంత మేర ఫోర్కు లోపల ఉండాలి. అంతకు మించి లాగితే గుంటలో పడ్డప్పుడు హ్యాండిల్ ఊడి చేతికొస్తుంది."

"ఆ గోడకు వేలాడుతున్న ఎత్తు హ్యాండిల్ వెయ్యి."

"వేస్తాను. మీరు విజయవాడ వెళ్ళి చూపించుకుని రండి. వచ్చిన రోజే వేస్తాను. అంతవరకూ ఇవ్వను."

ఆయన మొహం ఎర్రబడింది. "మా ఆవిడ వచ్చి చెప్పిందా?"

"నా కళ్ళు చెప్పాయి."

"నా సైకిలు, నా మెడ. నువ్వెవడివోయ్ మధ్యలో?"

"మీ సైకిలు బాగుచేసేవాణ్ణి స్వామీ. మీకు సైకిలు ఒక్కటే కనిపిస్తోంది. నాకు దాని మీద ఎక్కే మనిషి కూడా కనిపిస్తున్నాడు."

సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయారు. ఆ వెళ్ళడం వెళ్ళడం గేట్లు, గ్రిల్స్ చేసే ఒక వెల్డింగ్ షాపుకు వెళ్ళి స్టెమ్‌కు జానెడు ఇనప గొట్టం అతికించుకున్నారు. రెండు రోజుల తర్వాత నా షాపు ముందు నుంచి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. నిటారుగా, గుర్రం మీద పెళ్ళికొడుకులా. నా వైపు చూడలేదు. చూడకుండానే చూపించారు. నాకు ఒళ్ళు మండింది. ఆ అతుకు ఏ రోజు విరుగుతుందోనని భయపడ్డాను. పైగా ఊచలు అందక ముందు బ్రేకును వైరుతో కట్టేసి వదిలేశాడు ఆ వెల్డింగతను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున ఫోనొచ్చింది. ఎవరో ఆడమనిషి, గొంతు గాభరాగా ఉంది.

"సైకిలు షాపాండి? మడ్‌గార్డు మీద మీ నంబరుందండి. గుడి అయ్యగారు పడిపోయాడండి. తోటల దారిలో. బేగి రండి."

108కి ఫోను చేసి, నా మోపెడ్ మీద వెళ్ళాను. మామిడి తోటల్లో పనికి పోయే ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. ఆచార్యులుగారు రోడ్డు వార వెల్లకిలా ఉన్నారు. ఇద్దరు తువ్వాలు చెరో కొసా పట్టుకుని ఆయన మొహానికి ఎండ తగలకుండా నిలబడ్డారు. ఒకామె దూరం నుంచి కొమ్మతో ఈగలు తోలుతోంది. ఒక్కరూ ఆయన్ను ముట్టుకోలేదు.

"ఎంతసేపైందమ్మా?"

"చానాసేపైందండి. మేకలు అడ్డమొచ్చాయి. బ్రేకు పట్టలేకపోయాడు. పెద్ద దెబ్బేం కాదండి, పక్కకి ఒరిగాడంతే. లేపుదామంటే వద్దన్నాడు. మడిలో ఉన్నా, ముట్టుకోవద్దన్నాడు. మేం ముట్టుకుంటే దేవుడి కూడు మైలపడిపోద్దని ఆగామండి. ఇంటికి మా పిల్లను పంపాం, అమ్మగారైతే మడితో వస్తారని."

ఆ మాట విని నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. వాళ్ళు మర్యాద తప్పలేదు. ఆయన ఆచారం తప్పలేదు. రోడ్డు మీద ఆ మనిషి అలాగే పడి ఉన్నాడు. కూలిన పైకప్పు వేయించని పెద్దమనిషి ఒక్కడూ అక్కడ లేడు.

పక్కన సైకిలు పడి ఉంది. వెల్డింగు చెక్కు చెదరలేదు. గిన్నె బోర్లాపడి, పొంగలి మట్టిలో కలిసింది. ఆయనకు తల తిప్పడం రావడంలేదు కాబట్టి అది కనిపించడంలేదు.

"కోటేశ్వర్రావేనా? గిన్నె ఎలా ఉంది?"

"బానే ఉంది స్వామీ." ఇంకేం చెప్పను?

"అయితే దాన్ని ముట్టుకోకు. వైదేహి వస్తోందట. అది పట్టుకెళ్తుంది. వేళ మించిపోలేదు. నన్ను మాత్రం ఎవరూ ముట్టుకోకండి."

నేను అప్పటికే ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. ఆయన కుడిచెయ్యి నా రెండు చేతుల్లో ఉంది. గట్టిగా పట్టుకున్నాను, గిల్లినంత గట్టిగా.

"ముట్టుకోకోయ్," అన్నారు మళ్ళీ, దూరంగా ఉన్నవాడితో అన్నట్టు.

"ముట్టుకున్నాను స్వామీ. మీ చెయ్యి నా చేతిలోనే ఉంది."

ఆయన కళ్ళు నా మొహం మీద నిలిచాయి. అబద్ధమాడుతున్నానా అని వెతికారు.

"ఎప్పుడు?" అన్నారు.

"ఇందాకే."

"కాలు పట్టుకో."

పట్టుకున్నాను. చెప్పాను. ఆయన కళ్ళ పక్కల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తువ్వాలు పట్టుకున్నామె కొస వదిలేసి, తన చీర చెంగుతో ఆ నీళ్ళు తుడిచింది. ఆయన వద్దనలేదు. ఆ వెనకే అంబులెన్సు వచ్చింది. వైదేహమ్మగారు తడిచీరతో, మడి చెడుతుందని ఎక్కకుండా ఆటో పక్కన నడుస్తూ వచ్చేసరికి ఆయన్ను ఎక్కించేశారు.

విజయవాడలో డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించాడు. మెడ ఎముకల్లో నరం వెళ్ళే దారి చాన్నాళ్ళుగా ఇరుకైపోతూ వస్తోందట. వేళ్ళ తిమ్మిరి, కాళ్ళ తడబాటు దాని వల్లే. అలాంటి మెడకు చిన్న కుదుపు చాలట. వంగి తల పైకెత్తితే ఆ దారి ఇంకా నొక్కుకుంటుందని, నిటారుగా కూర్చుంటే వదులవుతుందని, అందుకే ఆయనకు హాయిగా ఉండేదని చెప్పాడు.

"ముందే తీసుకొచ్చి ఉంటే ఆపరేషన్ చేసి అక్కడితో ఆపగలిగేవాళ్ళమేమో," అన్నాడు.

నేను చేసిన పని ఆ మెడకు మంచే చేసింది. నొప్పి తీసింది. రోగం తాను వచ్చానని చెప్పడానికి ఉన్న ఒకే నోరు ఆ నొప్పి. హ్యాండిల్ పెరిగిన కొద్దీ ఆ నోరు మూతపడుతూ వచ్చింది. అది నా తప్పని నేననుకోను. అడిగింది చేశాను, చేయకూడదనిపించిన రోజు చేయలేదు. అయినా బాధ బాధే.

ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, మెడ కింద ఏదీ తిరిగి రాలేదు. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పడానికి వైదేహమ్మగారి బలం చాలేది కాదు. వీధిలో ఎవరు కనిపిస్తే వాళ్ళను పిలిచేవారు. పాలవాడు, కరెంటు బిల్లతను, ఎదురింటి పనిమనిషి, నేను. ఎవరి చేతులు పడితే వాళ్ళ చేతులు. మొదట్లో ఆయన కళ్ళు మూసుకునేవారు. తర్వాత్తర్వాత మూసుకోవడం మానేశారు.

ఒకసారి నేనొక్కణ్ణే ఉన్నప్పుడు అన్నారు. "ఆ రోజు హ్యాండిల్ నువ్వే వేసి ఉంటే పడేవాణ్ణి కాదేమోనోయ్."

"పడేవారు స్వామీ. కాస్త ఆలస్యంగా, నా బ్రేకుతో పడేవారు."

ఎందుకలా అన్నానో తెలియదు. నా నోరు అలాంటిది. ఆయన నవ్వారు. మొహం ఒక్కటే నవ్వింది.

"నైవేద్యం ఎవరు పెడుతున్నారు?" అన్నారు కాసేపటికి.

విస్సన్నపేట వైపు నుంచి ఒక కుర్రాడు బైకు మీద వస్తున్నాడని, పటికబెల్లం పెట్టి వెళ్తున్నాడని ఊరంతటికీ తెలుసు. ఆయనకూ తెలిసే ఉండాలి. నేను ఆయన దుప్పటి సర్దాను.

"స్వామి ఏమన్నాడట?"

"ఏమీ అనలేదు స్వామీ."

"అనడు," అన్నారు. "నేనూ అడగలేదు ఆయన్ను ఎప్పుడూ, ఏం పెడితే చాలో."

ఆ వానాకాలంలోనే పోయారు.

ఆయన పోయాక నా షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా వచ్చి హ్యాండిల్ ఎత్తమంటే, ఎందుకని అడుగుతాను. సుఖం కోసమంటే సరే, అది మంచి పనే, ఎవరూ సైకిలు మీద కునారిల్లుతూ పోనక్కర్లేదు. కానీ మొన్న పెంచిందే మళ్ళీ పెంచమంటే మాత్రం సైకిలును పక్కన పెట్టి మనిషిని చూస్తాను. నా రెండు వేళ్ళు వాళ్ళ చేతికిచ్చి గట్టిగా నొక్కమంటాను. కొందరు నవ్వుతారు. చిలక జోస్యం కూడా చెబుతావా అని ఒక మాస్టారు ఎగతాళి చేశారు. చేయనివ్వండి. నా వేళ్ళు నొప్పి పుట్టేదాకా నేను స్పానర్ పట్టుకోను. నొప్పి పుడితే, అమ్మయ్య, ఈ మనిషికి ఇంకా చేతులున్నాయి అనుకుని అప్పుడు బోల్టు వదులు చేస్తాను.